అక్షింతలు పట్టినవారు లేవరాదు

ఆ ఆదివారం పొద్దున్నే బ్రహ్మచారి అద్దం ముందు నిలబడి, దువ్వెనను మైకులా పట్టుకుని ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. పేరు బ్రహ్మచారే గాని ఆయనకు భార్య, నలుగురు పిల్లలు, ఇద్దరు అల్లుళ్లు ఉన్నారు. సూరత్‌లో, లింబాయత్ గల్లీల్లో, మరమగ్గాల సామాన్లు బాగుచేసే చిన్న కార్ఖానా ఉంది. వీటన్నిటికన్నా ఆయనకు ప్రాణమైనది మరొకటి ఉంది. అది తెలుగు సమాజం అధ్యక్ష పదవి.

“ప్రియమైన సోదర సోదరీమణులారా!” అన్నాడు అద్దంతో.

“సోదరీమణులల్ల నేను గూడ ఉన్ననా?” అంది వంటింట్లోంచి జమున.

బ్రహ్మచారి దువ్వెన దించాడు. “పొద్దుపొద్దున్నే అడ్డం తగులకు. ఇయ్యాల ఎలక్షన్ ఉన్నదని తెల్వదా?”

తెలియకేం, గల్లీ మొత్తానికీ తెలుసు. ఇన్నాళ్లూ ఆయన మీద పోటీ చేసినవారు లేరు. ఈసారి పల్సానాలో చీరలు మడతపెట్టించే కాంట్రాక్టరు కమలాకర్ రంగంలోకి దిగాడు. దానికి తోడు ఈ ఏడాది నుంచి ఆడవాళ్లకు కూడా సమాజంలో సభ్యత్వం ఇచ్చారు. ఎన్నిక చేతులెత్తే పద్ధతిలో జరుగుతుంది. ఎత్తే చేతుల్లో సగం గాజుల చేతులేనని గ్రహించినప్పటి నుంచి బ్రహ్మచారికి నిద్ర లేదు. పదవి పోతే ఆదివారాలు ఏం చేయాలో ఆయనకు నిజంగానే తెలియదు. ఆయన కోరిక ఒక్కటే, ఈ సాయంత్రం ఇంటికి అధ్యక్షుడిగానే తిరిగి రావాలి.

అందుకని ఒక పథకం వేశాడు. పొద్దున సన్మాన సభ. బస్తీకి సేవ చేసేవాళ్లకు, కథలు చెప్పే ఆడవాళ్లకు శాలువాలు. ఆ వేడి మీదే తన ఉపన్యాసం. ఉపన్యాసం తడి ఆరకముందే చేతులెత్తించడం. ఆపైన భోజనాలు.

కథలు చెప్పేవాళ్లకు సన్మానం అన్నది జమున ఆలోచన. లింబాయత్‌లో మధ్యాహ్నం పూట ఆడవాళ్లు అరుగుల మీద చేరి మిల్లు చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తుంటారు. నడుమ సమ్మక్క కూర్చుని కథ చెబుతుంది. కథకూ కథకూ మధ్య ఎవరింట్లో జ్వరమో, ఎవరికి కొత్తగా పని పోయిందో తెలుస్తుంది, కత్తెర పక్కన పెట్టి ఎవరో ఒకరు లేచి వెళతారు.

“మీ మీటింగుల తీర్మానం రాసేలోపట్నే మా అరుగు మీద పని అయిపోతది,” అంది జమున అప్పట్లో.

“కథలు చెప్పెటోళ్లకు సన్మానం ఏంది?” అని మొదట నవ్వాడు బ్రహ్మచారి. తరువాత గాజుల చేతులు గుర్తొచ్చి, ఈ ఆలోచన తనకే వచ్చినట్టు ఊరంతా చెప్పుకున్నాడు.

సభ జరిగేది వాడీలో. సూరత్‌లో పెళ్లిళ్లకు, సభలకు అద్దెకిచ్చే మండపాన్ని వాడీ అంటారు. దాన్ని మధ్యాహ్నం దాకానే మాట్లాడుకున్నారు, ఆ తరువాత ఎవరిదో నిశ్చితార్థం ఉంది. బ్రహ్మచారి అందరికన్నా ముందే వెళ్లి పనులు పురమాయించాడు. సరిగ్గా వేసి ఉన్న కుర్చీలనూ చాపలనూ ఒకసారి తీయించి మళ్లీ వేయించాడు. వంటల గణపతి వెలిగించిన పొయ్యిని ఆర్పించి, రెండడుగులు పక్కకు జరిపించి, మళ్లీ వెలిగించమన్నాడు.

“జరిపిందానివల్ల ఏమయిందన్నా?” అని అడిగాడు గణపతి.

“డిసిప్లిన్ అయింది,” అన్నాడు బ్రహ్మచారి.

వాకిట్లో సంతోషి పెద్ద పళ్లెం నిండా పసుపు కలిపిన అక్షింతలతో నిలబడి ఉంది. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఆరోజు సభకు వ్యాఖ్యానం చెప్పాల్సింది కూడా ఆమే. మామూలుగా అయితే శాలువా కప్పే వేళకు అక్షింతలు పంచుతారు, జనం అక్కడికక్కడే చల్లేస్తారు. కాని బ్రహ్మచారికి ఆ వేళలో జరిగే తోపులాట ఇష్టం లేదు.

“గేట్ల అడుగు పెట్టంగనే ఒక్కొక్కరి చేతుల పెట్టు. ఎవ్వలను విడువకు,” అన్నాడు.

“ఓకే అంకుల్, హో జాయేగా,” అంది సంతోషి.

“గిప్పట్నుంచే చేతుల పెడ్తే ఎట్ల?” అంది జమున. “అక్షింతలు చేతుల ఉన్నంక...”

“నీకు తెల్వదు. దీన్ని మేనేజ్‌మెంట్ అంటరు.”

ఆమె మాట మధ్యలో ఆపేసిందంటే జాగ్రత్త పడాలని ఇంట్లో పిల్లలందరికీ తెలుసు.

జనం వచ్చారు. ఆడవాళ్లు ముందు వరసల నుంచి నిండిపోయారు. రానిది ముఖ్య అతిథి ఒక్కడే. ఆయన పేరు ఆదిశేషయ్య, ఆంధ్ర నుంచి వచ్చి హజీరాలో పెద్ద ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేస్తున్నాడు. ఎన్నిక జరిపించాల్సింది కూడా ఆయనే. శాలువాలన్నీ ఆయన కారు డిక్కీలో ఉన్నాయి. ఆ కారు ఇచ్ఛాపూర్ దగ్గర లారీల వెనుక ఇరుక్కుపోయింది.

అతిథి వినకుండా ఉపన్యాసం మొదలుపెట్టడం బ్రహ్మచారికి సుతరామూ ఇష్టం లేదు. అంత మంచి ముక్కలను మామూలు జనం మీద ఖర్చు చేయడానికి మనసొప్పలేదు. జనం కదులుతున్నారు. వెనక వరసల్లో ఎవరో ఆవలించారు. ఆయన మైకు అందుకున్నాడు.

“సమ్మక్కా, గెస్టు వచ్చేదాంక ఏదన్న చిన్న కథ జెప్పు.”

సమ్మక్క కొంగు నడుముకు చెక్కుకుని వేదిక ఎక్కింది. నెరిసిన జుట్టు, బక్కపలచని మనిషి, గొంతు మాత్రం మగ్గాల చప్పుడులో కూడా వినిపించేటంత గట్టిది. ఆమె నవ్వుతూ జనం వైపు చూసింది. వెంటనే నవ్వు ఆపింది.

“అందరి చేతుల అక్షింతలున్నయేంది?”

“ఉంటే ఏమాయె?” అన్నాడు బ్రహ్మచారి.

“ఏమాయె అంటవేంది బిడ్డా? అక్షింతలు పట్టుకోని కూసున్నంక పిట్టకథ జెప్తరా ఎవలన్న? నోము కథే జెప్పాలె.”

ముందు వరసల్లో ఆడవాళ్లంతా అవునవునని తలలూపారు. తెలంగాణ ఇళ్లల్లో నోము కథ వినేటప్పుడు పద్ధతి ఒకటి ఉంది. చేతిలో అక్షింతలు పట్టుకుని కూర్చోవాలి. కథ పూర్తయ్యాక వాటిని తలమీద వేసుకోవాలి. అప్పటిదాకా లేవకూడదు, అక్షింతలు కింద పెట్టకూడదు, వేరే మాట మాట్లాడకూడదు. మధ్యలో లేచినవాళ్లకు ఏమేం జరిగాయో చెప్పడానికి వేరే కథలున్నాయి. వాటిని విన్నవాళ్లెవరూ లేవరు.

“సరే, నోము కథే కానియ్, జర చిన్నగ,” అన్నాడు బ్రహ్మచారి.

“మరి ఊఁ ఎవలు కొడ్తరు? రోజు కొట్టే భూదేవికి జరమొచ్చింది.”

వేదిక మీద, అందరికీ కనబడేలా, మైకు పక్కన కూర్చునే అవకాశం. బ్రహ్మచారి ముందూ వెనకా చూడలేదు. “నేను కొడ్త అక్కా!”

ఆడవాళ్లు చప్పట్లు కొట్టబోయి, చేతుల్లో అక్షింతలు ఉన్నాయని గుర్తొచ్చి మానుకున్నారు. జమున నెమ్మదిగా వేదిక ఎక్కి, భర్త కుడిచేతిని తెరిచి, అందులో గుప్పెడు అక్షింతలు పోసి, వేళ్లు మూసి వెళ్లిపోయింది.

“ఊఁ కొట్టెటోడు నడుమ ఇంకో మాట మాట్లాడద్దు,” అంది సమ్మక్క. “ఇగ ఇను. ఒక ఊళ్లె ఒక చిన్నకోడలు.”

“ఊఁ,” అన్నాడు బ్రహ్మచారి ఉత్సాహంగా.

“మగ్గం మీద చీర నేస్తున్నది.”

“ఊఁ.”

“సగం చీర అయినంక నాడె కింద పెట్టి నీళ్లకు వోయింది. కాకొచ్చి నాడె ఎత్తుకవోయింది.”

“ఊఁ.”

నాడె అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసుకెళ్లే చిన్న కొయ్య పనిముట్టు. అత్త కోడలితో, నాడె దొరికేదాకా ఇంటికి రావద్దంటుంది. కోడలు బయలుదేరుతుంది. దారిలో ఆవు ఎదురై ఎక్కడికి పోతున్నావని అడుగుతుంది. కోడలు మొదటి నుంచి చెబుతుంది. చీర సగం అవడం, నీళ్లకు పోవడం, కాకి రావడం, అత్త అనడం, అన్నీ. తరువాత చెరువు అడుగుతుంది. మళ్లీ మొదటి నుంచి. తరువాత ఒక ముసలవ్వ అడుగుతుంది. ఈసారి ఆవు అడిగిందీ, చెరువు అడిగిందీ కూడా చెప్పాలి. సమ్మక్క ఎక్కడైనా ఒక ముక్క దాటేస్తే ముందు వరసలో కళ్లు పెద్దవయ్యేవి, ఆమె వెనక్కి వచ్చి ఆ ముక్క చెప్పేది. అత్త కోపం నాలుగోసారి వచ్చేసరికి బ్రహ్మచారి ఊఁలో ఉత్సాహం పోయి ఊపిరి మాత్రం మిగిలింది.

అప్పుడొచ్చాడు ఆదిశేషయ్య, రెండు చేతులా శాలువాల మూటలతో, చెమటలు కక్కుకుంటూ. మూటలు కింద పెట్టాడో లేదో సంతోషి ఆయన చేతిలో అక్షింతలు పోసింది. ఆయన వేదిక మీదికొచ్చి బ్రహ్మచారి పక్కన కూర్చున్నాడు.

“క్షమించాలండీ బ్రహ్మచారిగారూ, లారీలండీ, విపరీతమైన లారీలు. చూడండి, నేను త్వరగా వెళ్లిపోవాలి. మా కాలనీలో క్రికెట్ ఫైనల్. నేనే అంపైర్ని.”

బ్రహ్మచారి గుప్పిట ఎత్తి చూపించి, కళ్లతో సమ్మక్క వైపు చూపించి, “ఊఁ” అన్నాడు సమ్మక్కకు.

ఆదిశేషయ్య తన అరచేతిలోకి చూసుకున్నాడు. సమ్మక్క వైపు చూశాడు. విషయం అర్థమైంది.

“వ్రతకథా! అయ్యయ్యో, ముందే చెప్పొద్దటండీ? మా పెదనాన్న కథ మధ్యలో లేచి వెళ్లి, గుమ్మం దాటకుండానే కాలు విరగ్గొట్టుకున్నాడు.” ఆ తరువాత ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంది, ఆయన తీయలేదు. హజీరాలో ఇరవై రెండుమంది ఆటగాళ్లు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారని తరువాత తెలిసింది.

కాసేపటికి గణపతి వేదిక పక్కకు వచ్చాడు. “అన్నా, బగారన్నం దించాల్నా? మాడుతది.” బ్రహ్మచారి తల అడ్డంగా, నిలువుగా, ఆపైన గుండ్రంగా ఊపాడు. ఒక ఊఁ చెప్పి, కనుబొమలతో ఏదో ఆజ్ఞ జారీ చేశాడు. గణపతి ఆ కనుబొమల వంక శ్రద్ధగా చూసి, ఏమీ తోచక, తనకు తెలిసినట్టే వెళ్లి దించేశాడు. ఎవరూ అడ్డం రాకపోవడంతో ఆనాటి అన్నం పొడిపొడిగా కుదిరింది.

వాడీలో చేతులు ఖాళీగా ఉన్న మనుషులు ముగ్గురే మిగిలారు. గేటు దగ్గర సంతోషి, పొయ్యి దగ్గర గణపతి, గోడ పక్కన కమలాకర్. కమలాకర్ పొద్దుటి నుంచి రెండు ఫోన్లలో మాట్లాడుతూ పల్సానా నుంచి తనవాళ్లను టెంపోలో రప్పిస్తున్నాడు, అందుకే అక్షింతలు పట్టుకోవడానికి చెయ్యి లేకపోయింది. ఫోన్లు జేబులో వేసుకుని లోపలికి చూశాడు. అధ్యక్షుడు వేదిక మీద గుప్పిట బిగించి ఊఁ అంటున్నాడు. అతిథి చెమట తుడుచుకుంటున్నాడు. తన నాయకత్వం చూపించడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదనుకున్నాడు కమలాకర్. గబగబా వేదిక ఎక్కి, సమ్మక్క చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“అక్కా, కథ మస్తున్నది. గని టైమయితున్నది. మిగిలింది రేపు జెప్పు.”

బయట మూకుడులో నూనె చిటపటలాడడం వినిపించింది.

“నడుమ తెంపినవ్,” అంది సమ్మక్క. ఆమె గొంతులో కోపం లేదు, బాధ మాత్రం ఉంది. “తెగిన కథ అతుకదు బిడ్డా. మొదట్నుంచి జెప్పాలె.”

“మొదట్నుంచి జెప్పక్కా!” అని ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అన్నారు. మగవాళ్ల వరసల్లోంచి నిట్టూర్పులు వినిపించాయి. ఆదిశేషయ్య కళ్లు మూసుకున్నాడు. బ్రహ్మచారి కమలాకర్ వైపు చూసిన చూపును మాటల్లో పెట్టడం కుదరదు, ఆయన కూడా పెట్టలేకపోయాడు.

చీరల మడతల్లో కమలాకర్ దగ్గరే పనిచేసే విజయరాణి ముందు వరసలోంచి లేచి నిలబడకుండానే చెయ్యి చాచి, తన గుప్పెట్లోంచి సగం అక్షింతలు అతని చేతిలో పోసింది. “కూసో సేటూ. నువ్వు గూడ ఇను.” కమలాకర్ మైకు సమ్మక్కకు ఇచ్చేసి, వేదిక దిగి చాప మీద కూర్చున్నాడు. అంతలో పల్సానా టెంపో వచ్చింది. గేట్లో సంతోషి ఎవ్వరినీ విడువలేదు. వాళ్లూ అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు.

“ఒక ఊళ్లె ఒక చిన్నకోడలు,” అని మళ్లీ ఎత్తుకుంది సమ్మక్క.

“ఊఁ,” అన్నాడు బ్రహ్మచారి. ఆ ఊఁ ఏడుపుకు చాలా దగ్గరగా ఉంది.

అయితే ఆవునూ చెరువునూ ముసలవ్వనూ ఒకే పూటలో రెండుసార్లు అడగనివ్వడం సమ్మక్కకే నచ్చలేదు. అందుకని ఈసారి చిన్నకోడలిని రైలెక్కించింది. రైలు సూరత్‌లో ఆగింది. వాడీలో జనం ముందుకు వంగారు.

“తెల్వని ఊరు, తెల్వని బాస. ప్లాట్‌ఫారం మీద నిలవడి ఏడుస్తున్నది. గప్పుడు ఎర్ర తువ్వాల ఏసుకున్న మనిషి ఒకడు వచ్చిండు. ఏ ఊరు బిడ్డా అన్నడు. ఛాయ్ తాపిచ్చిండు. ఎవలకోసమన్న వచ్చినవా, ఎవలు లేకున్న వచ్చినవా అన్నడు. ఎవలు లేకుంటే మేమున్నం అన్నడు.”

నాలుగో వరసలో కూర్చున్న రాములు మెడలోని ఎర్ర తువ్వాలును మెల్లిగా తీసి ఒళ్లో దాచుకోబోయాడు. డ్యూటీ లేని రోజున పొద్దున్నే స్టేషనుకు వెళ్లి ఊరి నుంచి కొత్తగా దిగినవాళ్లను వెంటబెట్టుకొచ్చేది అతనే. పక్కవాళ్లు అతని భుజం తట్టారు. ఆ పని సమాజమే చేయిస్తోందని ఇన్నేళ్లూ ఉపన్యాసాల్లో చెప్పుకున్న బ్రహ్మచారి, ఊఁ అనడం ఒక్క క్షణం మరిచిపోయి, మళ్లీ అందుకున్నాడు.

ఆ తరువాత కోడలికి జ్వరం వచ్చి ఆస్పత్రిలో పడింది. డబ్బా నిండా గంజి, చింతకాయ తొక్కు పట్టుకుని ఒకామె వచ్చింది. “నాకు నువ్వేమయితవక్కా అంటే, ఏం గాను, ముందుగాల తిను అన్నది.” మంగ అన్న పేరు సమ్మక్క చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆస్పత్రిలో ఆ గంజి తాగినవాళ్లు వాడీలో చాలామంది ఉన్నారు, వాళ్లంతా మంగ వైపు తిరిగారు. మంగ కొంగులో ముఖం దాచుకుని ఏడ్చేసింది. ఆమెను చూసి ముందు వరసలూ ఏడ్చాయి. కళ్లు తుడుచుకునేందుకు ఎడమచేయి ఒక్కటే ఖాళీగా ఉండటంతో అందరి చెంపలూ ఒకవైపే ఆరాయి. దారికి అడ్డంగా రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని నిలబడ్డ ఒక సేటు కూడా కథలోకి వచ్చాడు. అప్పుడు వాడీ గొల్లుమంది. కమలాకర్ కూడా నవ్వక తప్పలేదు.

ఆ నవ్వుల మధ్యలో గేటు బయట డోలు మోగింది. వరాఛా నుంచి నిశ్చితార్థం వాళ్లు వచ్చేశారు. పట్టుచీరలు, మిఠాయి బుట్టలు, అలంకరించిన పళ్లేలు, అందరికన్నా ముందు ఒక ముసలమ్మ. వాడీ గడువు దాటిపోయిందని బ్రహ్మచారికి అప్పుడు గుర్తొచ్చింది. లేచి వెళ్లి చేతులు జోడించాలి. లేవలేడు. జోడించాలన్నా ఒక చెయ్యి గుప్పిట బిగించి ఉంది. కళ్లనిండా ప్రాధేయపడుతూ సంతోషి వైపు చూశాడు.

సంతోషి పళ్లెంతో సహా ఎదురెళ్లింది. “బా, కథా చాలే ఛే,” అంది. అవ్వా, కథ నడుస్తోందని.

ముసలమ్మ డోలువాణ్ణి చేత్తో ఆపేసింది. “కథా? తో తో ఉఠాయ్ నహి!” అంది. కథ అయితే మరి లేవకూడదు కదా అని. తనే ముందుగా చెయ్యి చాచి అక్షింతలు పోయించుకుని, పట్టుచీరలవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి చాపల మీద కూర్చోబెట్టింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూడా పక్కపక్కన కూర్చున్నారు. వాళ్లకు అంతకు ముందు అంత దగ్గరగా కూర్చునే వీలు చిక్కలేదట, కథ ఎంత పొడవైనా వాళ్లకు అభ్యంతరం లేదు. సంతోషి వాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సమ్మక్క చెప్పేది చెప్పినట్టు గుజరాతీలోకి మారుస్తూ వచ్చింది. పొయ్యిల దగ్గర గణపతి వాళ్ల వంటవాడితో మాట్లాడుకుని, రెండు భోజనాలనూ ఒకే వరసలో సర్దేశాడు. బగారన్నం పక్కన జిలేబీలు చేరాయి.

కథ చివరికొస్తోంది. బ్రహ్మచారి గొంతు బొంగురుపోయింది. కాని ఇప్పుడాయన చెవులు రిక్కించి వింటున్నాడు. రాములు వచ్చాడు, మంగ వచ్చింది, రక్తమిచ్చే కుర్రాళ్లు వచ్చారు, చదువు చెప్పే టీచరమ్మ వచ్చింది, చివరికి కమలాకర్ కూడా వచ్చాడు. తను ఇంకా రాలేదు. వస్తాడు, రాక ఎక్కడికి పోతాడు? పోయింది నాడె. అది దొరకాలంటే కొత్తది చేయాలి, చేయాలంటే మగ్గం సామాన్ల పనివాడు కావాలి. లింబాయత్‌లో ఆ పనివాడు ఎవరు? ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఖాళీ చేత్తో జుట్టు సర్దుకున్నాడు.

“గప్పుడు కోడలు తలెత్తి చూసింది,” అంది సమ్మక్క.

“ఊఁ!”

“ఇంటి మీద అదే కాకి. పాపం, దానికి గూడ మనసు కరిగింది. ముక్కుల నాడె ఉన్నది. కోడలి ఒళ్లె ఏసి వోయింది.”

“ఊఁ,” అన్నాడు బ్రహ్మచారి. గాలి తీసిన ట్యూబులోంచి కూడా అంతకన్నా మంచి చప్పుడు వస్తుంది.

“కోడలు సగం చీర పూర్తి చేసింది. అంచుకు ఎర్ర తువ్వాల పోగొకటి, గంజి పోసిన అక్క కొంగు పోగొకటి ఏసి నేసింది. ఆ చీర చిరిగింది లేదు, రంగు వోయింది లేదు. ఇన్నోళ్లు, చెప్పినోళ్లు, ఊఁ కొట్టినోళ్లు సల్లంగుండాలె. ఇగ అక్షింతలు నెత్తి మీద ఏసుకోండ్రి.”

అందరి చేతులూ ఒక్కసారి లేచాయి. వాడీ అంతా పసుపుపచ్చగా రాలింది. రాములు తల మీద, మంగ తల మీద పక్కవాళ్లు, వెనకవాళ్లు కూడా చల్లారు. ఆదిశేషయ్య శాలువాల మూటలు విప్పి, ఎవరి పేర్లూ పిలవకుండానే కిందికి దిగి, కథలో వచ్చినవాళ్లందరికీ ఒక్కొక్కటీ కప్పుతూ వెళ్లాడు. ఎవరెవరో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. చివరి శాలువాను సమ్మక్కకు కప్పి, పాదాలకు దణ్ణం పెట్టాడు. వరాఛా ముసలమ్మ సమ్మక్క నోట్లో జిలేబీ పెట్టింది.

సంతోషంగా లేనివాడు బ్రహ్మచారి ఒక్కడే. ఉపన్యాసం లేదు. కథ మొదలైనప్పటి నుంచి తను ఒక్క పని చేయలేదు, ఒక్క ఆజ్ఞ ఇవ్వలేదు, కథలో కాకికున్నపాటి చోటు కూడా దొరకలేదు. ఆదిశేషయ్య మైకు అందుకుని, “ఇక ఎన్నికండీ. అధ్యక్ష పదవికి పేర్లు చెప్పండి” అనేసరికి బ్రహ్మచారి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

కమలాకర్ ముందుగానే చేతులు జోడించాడు. “నేను తప్పుకుంటున్న. ఇయ్యాల నిలవడితె మా ఇంటిది గూడ నాకు చెయ్యెత్తదు.”

“సమ్మక్కను పెడ్దాం!” అని అరిచింది విజయరాణి. ఆడవాళ్లంతా ఔనౌనన్నారు. బ్రహ్మచారి తల వంచుకున్నాడు. న్యాయమేననిపించింది, అందువల్ల ఇంకా ఎక్కువ బాధేసింది.

సమ్మక్క జిలేబీ మింగి మైకు దగ్గరికొచ్చింది. “నాకెందుకు బిడ్డా? కుర్చీల కూసుంటే నాకు కథ రాదు, అరుగు మీదనే వస్తది. ఒక్క మాట అడుగుత, చెప్పుండ్రి. ఇయ్యాల బువ్వ సూసుకున్నదెవలు?”

“గణపతి!”

“సుట్టాలను కూసోవెట్టింది?”

“సంతోషి!”

“శాలువలు కప్పింది?”

“గెస్టు సారు!”

“మరి బ్రహ్మచారి ఏం జేసిండు?”

బ్రహ్మచారికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

“ఏం జేయలె,” అంది సమ్మక్క. “కథ షురువైనంక ఒక్కల పనికి అడ్డం పోలేదు. ఒక్కలను మళ్ల జేయమనలె. కూసున్నకాడ కూసోని, మనం జెప్పిందంత ఇన్నడు. గందుకే అన్నీ మంచిగ అయినయ్. గిట్ల ఊఁ కొట్టె ప్రెసిడెంటు మనకెప్పుడన్న దొరికిండా? ఈయన్నే ఉంచుకుందాం.”

వాడీ నవ్వులతో ఊగిపోయింది. చేతులు లేచాయి. రాములు చెయ్యి, మంగ చెయ్యి, పల్సానా టెంపో చేతులన్నీ, చివరికి కమలాకర్ చెయ్యి కూడా. సభ్యత్వం లేకపోయినా వరాఛా ముసలమ్మ రెండు చేతులూ ఎత్తింది. “ఏకగ్రీవం!” అని ప్రకటించి, ఆదిశేషయ్య ఆఖరి ఓవరైనా దొరుకుతుందేమోనని కారు వైపు పరుగెత్తాడు.

బ్రహ్మచారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టారో పొగిడారో తేల్చుకోలేకపోయాడు గాని, సంతోషం మాత్రం నిజంగానే కలిగింది. గొంతు సవరించుకుని, నాలుగు మాటలు చెప్పి అందరికీ ధన్యవాదాలు తెలుపుదామని మైకు మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద జమున చెయ్యి పడింది.

“గెల్సినవ్ గద,” అంది. “ఇగ జెడగొట్టకు.”